ఫ్లెక్సీ మీది కాలేజీ

"దించేది లేదు," అన్నాడు కొండల్. "కట్టింది కట్టినట్లే ఉంటది."

"బాపూ, అది నా ఫొటో. నన్నడిగి కట్టిండ్రా?" తలుపు అవతలి నుంచి మనీషా గొంతు.

"నిన్నడిగి కడితే అది సన్మానం ఎట్లయితది?"

పొద్దున తొమ్మిదింటికి గడియ పెట్టుకున్న పిల్ల మధ్యాహ్నం మూడైనా తలుపు తీయలేదు. మామిడికాయ పప్పు కలిపిన కంచం గడప ముందే ఎండిపోతోంది.

షాద్‌నగర్‌లో బస్సెక్కి, శంషాబాద్‌లో దిగి, ఆటోలో నేను ఇల్లు చేరేసరికి ఇదీ పరిస్థితి. కొండల్ నా పెద్ద తమ్ముడు. ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. ఇవాళ డ్యూటీకి పోలేదు గానీ యూనిఫాం చొక్కా మాత్రం తొడుక్కుని వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. మరదలు కవిత చాప మీద కూర్చుని తొక్కు కోసం మామిడికాయలు కొడుతోంది. కత్తి పడే చప్పుడు వింటే ఆమెకు ఎంత కోపంగా ఉందో తెలిసిపోతుంది. చిన్న తమ్ముడు యాదయ్య, ఊరికి వార్డు మెంబరు, ఈ గొడవకంతటికీ మూలపురుషుడు, గోడ వారగా స్టూలు మీద తల దించుకుని ఉన్నాడు. నులక మంచం మీద మా అమ్మ స్వరాజ్యం చాయ్ తాగుతోంది.

"వచ్చినవా బిడ్డా," అంది అమ్మ. "నువ్వన్న చెప్పు వీళ్లకు. పొద్దటి సంది నా చెవులు పోతున్నయి."

ఏం చెప్పను? వారం రోజులుగా ఇంటిల్లిపాదినీ తలకిందులు చేస్తున్న సంగతే ఇది. మనీషాకు రెండు కాలేజీల్లో సీట్లు వచ్చాయి, రెండింటిలోనూ ఖర్చంతా వాళ్లదే. ఒకటి ఢిల్లీ దగ్గరి ఉత్తరాయణ్ యూనివర్సిటీ. రెండోది పుణె అవతల కొండల్లో ఉన్న సహ్యగిరి కాలేజీ. రెండూ లిబరల్ ఆర్ట్స్ చదువులే. చరిత్రా, లెక్కలూ, బొమ్మలూ, తత్వమూ కలిపి చదువుకుని, రెండేళ్లయ్యాక తనకు నచ్చింది పట్టుకోవచ్చు. మా ఊళ్లో అలాంటి చదువుకు పిలుపొచ్చిన మొదటి పిల్ల మా మనీషా.

సహ్యగిరి వాళ్లు ఈ సాయంత్రం ఆరు వరకే గడువిచ్చారు. ఆరులోపు ఫోనులో ఒప్పుకుంటున్నానని నొక్కకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. ఉత్తరాయణ్‌కు ఇంకా నాలుగు రోజులుంది. మనీషా మనసు సహ్యగిరి మీద. మా వాళ్ల మనసు ఉత్తరాయణ్ మీద. ఈ తగవు తెగకముందే, ఇవాళ పొద్దున ఆరింటికి, ఊరికి తిరిగే మలుపులో కరెంటు స్తంభానికి పన్నెండడుగుల ఫ్లెక్సీ వెలిసింది.

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, అదే.

ఆటోలోంచి నేనూ చూశాను. పదో తరగతి ఫొటోలో రెండు జడలు వేసుకున్న మనీషా. కంప్యూటరు వాడు దాన్ని ఎంత తెల్లగా చేశాడంటే కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. "ఢిల్లీ ఉత్తరాయణ్ యూనివర్సిటీలో సీటు సాధించిన మా ఊరి ముద్దుబిడ్డ" అని ఎర్రటి అక్షరాలు. పై మూలన దండ వేసిన మా నాయన కుర్మయ్య ఫొటో. కింద వరుసగా చేతులు జోడించిన కొండల్, యాదయ్య, ఇంకో నలుగురు పెద్దమనుషులు. చివర నేను.

నిజం చెప్పాలంటే, చూడగానే నాకు కళ్లు చెమర్చాయి. ఆటో ఆపించి ఫోనులో ఫొటో కూడా తీసుకున్నాను. ఆ తర్వాతే గబుక్కున ఫోను సంచిలో దాచేశాను.

ఎందుకంటే యాదయ్యకు ఆ పేరు చెప్పింది నేనే.

మొన్న శుక్రవారం వాడు ఫోను చేసి, "అక్కా, ఇంతకూ ఏ కాలేజి ఖాయమైంది?" అని అడిగాడు. ఇంటర్నెట్‌లో వెతికి, మనీషాతో వ్యాసాలు రాయించి, ఇంటర్వ్యూలకు కూర్చోబెట్టింది నేనే కదా, నా మాటే చివరి మాట అనుకున్నాను. "ఉత్తరాయణే అనుకో" అన్నాను. మా స్టాఫ్ రూమ్‌లో అప్పటికే నలుగురికి ఆ పేరే చెప్పుకున్నాను. ఢిల్లీ అంటే ఎవరైనా కనుబొమలు ఎత్తుతారు. పుణె అవతల కొండలంటే ఎవరెత్తుతారు? ముప్పై ఏళ్లు పిల్లలకు చదువు చెప్పిన నాకు ఆ మాత్రం గొప్ప కావాలనిపించింది. వాడు దాన్ని ఫ్లెక్సీ కొట్టిస్తాడని కలగన్నానా?

ఇప్పుడు తేలు కుట్టిన దొంగలా అమ్మ పక్కన మంచం మీద కూర్చున్నాను.

"ఒరే యాదయ్యా," అన్నాడు కొండల్ ఉన్నట్టుండి, "నీకు ఉత్తరాయణని ఎవరు చెప్పిండ్రు? నేనైతే చెప్పలే."

యాదయ్య నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అంటారు. వాడు ఒక్కసారి నా వైపు చూసి, మళ్లీ నేల చూశాడు.

"నేనే అనుకున్ననే. పెద్ద కాలేజి గదా, గదే అయితది అనుకున్న."

"అనుకుని కొట్టిస్తవా?"

"మంచికే జేసిన అన్నా. ఇప్పుడు దించితే ఏమనుకుంటరు? మూడు ఊర్లోళ్లు సూసిండ్రు. సీటు పోయిందంటరు. అబద్ధమాడిండ్రంటరు. ఆడపిల్ల మీద ఇంకేమన్న గూడ అంటరు. మన ఇజ్జత్ ఏం కావాలె?"

విమానం వచ్చింది. మా ఇంటి మీద విమానం పోయేటప్పుడు ఎవరూ మాట్లాడరు. చెప్పినా వినబడదు కాబట్టి అందరికీ అలవాటైపోయింది. ఎక్కడి మాట అక్కడ ఆపి, అది పోయాక అక్కడి నుంచే అందుకుంటారు. అమ్మ మాత్రం తలెత్తి చూసి, చప్పుడు తగ్గగానే తన మాట తను అంది.

"మోటబాయి మీద దిగింది."

ఇది అమ్మకు రోజూ ఉన్నదే. మా పొలాలు ఎయిర్‌పోర్టులో కలిసి ఇరవై ఏళ్లు దాటింది. అమ్మకు మాత్రం ఒక విమానం మోటబాయి మీద దిగుతుంది, ఇంకొకటి రేగడి చెల్క మీంచి లేస్తుంది.

గడియ తీసిన చప్పుడైంది. మనీషా బయటికి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి గానీ గొంతు నిబ్బరంగా ఉంది.

"నానమ్మా, నువ్వు తాగుతున్న కప్పు ఎవరిదో తెల్సా?"

అమ్మ కప్పు తిప్పి చూసుకుంది. ఉత్తరాయణ్ వాళ్లు సీటుతో పాటు ఒక అట్టపెట్టె పంపారు. అందులో టీషర్టు, టోపీ, ఈ కప్పు ఉన్నాయి. "మంచిగున్నది బిడ్డా. చాయ్ చల్లారదు," అంది.

"వాళ్లు కప్పు పంపిండ్రు. సహ్యగిరి మేడం ఏం పంపిందో చెప్పనా? ఒక ప్రశ్న పంపింది." మనీషా మా అందరినీ చూసింది. "నేను వ్యాసంల నానమ్మ పొలాల పేర్ల గురించి రాసిన. అత్త దిద్దింది గూడ. ఇంటర్వ్యూల ఉత్తరాయణోళ్లు చాలా బాగుంది అన్నరు, ఇంకో ప్రశ్నకు పోయిండ్రు. ఈ మేడం ఇంటర్వ్యూ అయినంక మళ్ల రాసింది. మీ నానమ్మకు ఇంకెన్ని పేర్లు యాదికున్నయి, అడిగి చెప్తవా అని."

"అడిగింది అడిగింది," అంది అమ్మ ఉషారుగా. "పద్నాలుగు చెప్పిన. పొలాలు పోయినంక నన్ను గా ముచ్చట అడిగిన మనిషి గామెనే."

"ఆడ రెండో ఏడు ఆరు నెలలు ఊర్లల్ల తిరిగి రాసే పని ఉంటది. నేను మన ఊరి మీద రాస్త. రన్‌వే కింద ఉన్న ఊరి మీద. నాకు అది కావాలె."

"రాసి?" అన్నాడు కొండల్. "రాసినంక ఏమైతవు?"

"ఉత్తరాయణ్‌ల చదివితే ఏమైతనో నీకు తెల్సా బాపూ?"

కొండల్ నా వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు టీచరువు. నువ్వు చెప్పు. ఏది మంచిది?"

"రెండూ మంచివే," అన్నాను. ఇంతకన్నా పనికిరాని మాట నా జన్మలో అనలేదు.

మామిడికాయ కత్తి ఠక్కున ఆగింది.

"ఎవ్వలు చెప్పకుండ్రి," అంది కవిత. నా మరదలు గొంతెత్తగా నేను విన్నది తక్కువ. ఇప్పుడు కూడా ఎత్తలేదు. "రెండేండ్లు అది దరఖాస్తులు రాసింది. నేను పక్కన కూసుని నిద్రపోకుండ చూసిన. ఇంగ్లీషు రాదు నాకు. అది చదివి వినిపిస్తే మంచిగుందా లేదా అని దాని మొఖం చూసి చెప్పేది. ఫ్లెక్సీల ఎనిమిది మంది ఉన్నరు. మామ ఉన్నడు, మీరిద్దరు అన్నదమ్ములు ఉన్నరు, దాని పేరు గూడ సక్కగ తెల్వనోళ్లు నలుగురు ఉన్నరు. వదినె గూడ ఉన్నది. నేను లేను. అత్త లేదు. ఇగ ఇజ్జత్ ముచ్చట నాకు చెప్పకుండ్రి."

నిన్నటి దాకా ఈ మనిషిని నేను ఉత్త నోరులేనిది అనుకున్నాను. సిగ్గేసింది.

కొండల్ నెమ్మదిగా వచ్చి గడప మీద కూర్చున్నాడు. ఎండిన కంచం పక్కకు జరిపాడు.

"నా బండిల ఉత్తరాయణ్ పిల్లలు నలుగురెక్కిండ్రు, ఈ రెండు నెలల్ల," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా. "బ్యాగు మీద పేరు సూసి నేనే అడిగేది. ఎట్లుంటది, అన్నం మంచిగ పెడ్తరా, ఆడపిల్లలకు భయం లేదా అని. నలుగురు గూడ మంచోళ్లే. మర్యాదగ చెప్పిండ్రు."

"సహ్యగిరోళ్లు?" అన్నాను.

"ఒక్కతే ఎక్కింది. పోయిన నెల."

"బాపూ, నాకు చెప్పలే," అంది మనీషా.

"గేటు దాటి రోడ్డెక్కినంక అడిగింది. అన్నా, ఈ రన్‌వే కంటే ముందు ఇక్కడ ఏముండె అని. పదిహేనేండ్లయింది నేను బండి నడపబట్టి. ఎంతమందిని దించిన్నో. ఎవ్వలు అడగలే. ఇగ నేను చెప్పుకుంట పోయిన. మోటబాయి, మక్క చేను, మా నాయన, ఎడ్లు, అన్ని చెప్పిన. గచ్చిబౌలి వచ్చింది గూడ నాకు సోయి లేదు. దిగి, పెట్టె తీసుకుంట మళ్లడిగింది, గా బాయి ఎంత లోతుండె అన్నా అని."

"మరి ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు గాడికే పోతవని."

అమ్మ నవ్వింది. కవిత పెదవి కూడా కదిలింది. కొండల్ మాత్రం నవ్వలేదు.

"ఇప్పుడు గూడ నాకు ఉత్తరాయణే ఇష్టం బిడ్డా. అబద్ధమెందుకు? సూటేసుకున్నోళ్లు నా బండి ఎక్కుతరు. మా బిడ్డ ఉత్తరాయణ్‌ల అంటే ఎనక సీట్ల నుంచి ముందుకు వంగి అడుగుతరు, నిజమా అని. గా ఒక్క మాట అనాలని ఉండె నాకు."

"సహ్యగిరి అని చెప్పు బాపూ."

"ఎవనికి తెలుస్తది గా పేరు?"

"నువ్వు చెప్తే తెలుస్తది. సిటీకి నలభై నిమిషాలు పడ్తది గదా. ఎక్కినోళ్లు ఏడికి పోతరు?"

కొండల్ బిడ్డ మొహంలోకి చూశాడు. ఆ చూపులో ఓటమి ఉందంటే ఎవరూ నమ్మరు. ఆ పిల్ల తనకంటే ఒక మాట ఎక్కువే మాట్లాడగలదని అప్పుడే కనిపెట్టిన తండ్రి చూపు అది. లేచి చొక్కా సర్దుకున్నాడు.

"యాదయ్యా, నడువ్. దించుదాం."

మలుపు దగ్గరికి అందరం బయల్దేరాం. అమ్మ కూడా వస్తానంది. తన ముఖం లేని ఫ్లెక్సీ ఎలా ఉంటుందో చూడాలట. అప్పటికి ఐదుంపావు.

స్తంభం కింద ఐలయ్య చాయ్ హోటలు. యాదయ్య నిచ్చెన అడిగేసరికి, ఐలయ్య పొయ్యి మీది గిన్నె దించి బయటికొచ్చాడు.

"ఏంది, దించుతరా?"

"కాలేజి మారింది ఐలన్నా," అన్నాడు యాదయ్య గొణుగుతూ.

"మారితే మారింది. పిల్ల మారలే గదా." ఐలయ్య స్తంభానికి అడ్డంగా నిలబడ్డాడు. "నేను ఈడ హోటలు పెట్టి పన్నెండేండ్లు. ఈ కంబానికి సచ్చినోళ్లయి కట్టిండ్రు, లీడర్ల పుట్టినరోజులు కట్టిండ్రు, ప్లాట్లు అమ్మబడును అని కట్టిండ్రు. సదువుకున్న ఆడపిల్లది కట్టుడు గిదే మొదలు. పొద్దటి సంది ఆగిన ప్రతి బస్సుకు చెప్తున్న, మా ఊరి పిల్ల అని. దించితే రేపు నా మొఖం ఏడ పెట్టుకోవాలె? దించనియ్య."

మా కుటుంబపు ఇజ్జత్‌ను పంచుకునేవాళ్లు ఇంకా ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది. నవ్వాలో ఏడవాలో తోచలేదు.

"దించొద్దు," అంది మనీషా. "కాలేజి పేరు మీద కాగితం అంటించి, కొత్త పేరు రాద్దాం."

పరుగున ఇంటికి పోయి తన పాత ప్రాజెక్టు తాలూకు తెల్ల చార్టూ, టేపూ, లావు మార్కరూ తెచ్చింది. యాదయ్య నిచ్చెనెక్కి "ఢిల్లీ ఉత్తరాయణ్ యూనివర్సిటీ" అన్నంత మేరా చార్టు అంటించి దిగాడు. సీటు సాధించిన ముద్దుబిడ్డ మిగిలింది. ఎక్కడన్నది తెల్లగా ఉంది.

మనీషా మార్కరు పట్టుకుని ఫ్లెక్సీ వైపే చూస్తూ నిలబడింది.

"బాబాయ్, సచ్చెం చెప్పు. నీకు ఉత్తరాయణ్ అని ఎవరు చెప్పిండ్రు?"

"చెప్పిన గదా బిడ్డా. నేనే అనుకున్న."

"ఇంటర్ అయినంక ఇంజినీరింగే ఉంటది అనుకుంటవు నువ్వు. ఏది పెద్ద కాలేజో నీకు యాడికెళ్లి తెలుస్తది?"

యాదయ్య చెప్పు కాలితో మట్టి గీకాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, పొద్దుటి నుంచి అన్నతో తిట్లు తిని, ఊళ్లో చిన్నబోయి కూడా అక్క పేరు బయటపెట్టలేదు. విమానం ఒకటి మా మీదుగా దిగుతోంది. ఆ మోతలో నేను చెప్పేసి ఉంటే ఎవరికీ వినబడేది కాదు, చెప్పానన్న తృప్తీ ఉండేది. అది పోయేదాకా ఆగాను.

"నేనే చెప్పిన," అన్నాను. "స్టాఫ్ రూమ్‌ల గూడ చెప్పిన. నాకు ఆ పేరు మీద మోజు."

కవిత నా వైపు చూసి, చూపు తిప్పుకుంది. మనీషాలో ఏ ఆశ్చర్యమూ లేదు.

"నాకు పొద్దున్నే తెల్సు అత్తా. ఫ్లెక్సీల ఉన్న నీ ఫొటో పోయిన నెల స్టూడియోల తీయించుకున్నది. అది నువ్వు పంపితేనే బాబాయ్‌కి వస్తది."

యాదయ్య ఒక ఫొటో పంపమంటే, ఎందుకని కూడా అడగకుండా, స్టూడియోలో తీసినవాటిలో ఎంచి ఎంచి మంచిది పంపాను.

"మరి ఇంత సేపు ఎందుకు అడగలే?" అన్నాను.

"నువ్వే చెప్తవని." మార్కరు నా చేతిలో పెట్టింది. "నువ్వే రాయి. మన ఇంట్ల నీ రాతే మంచిగుంటది."

"నేనా?"

"నువ్వు లేకుంటే నాకు ఈ రెండు కాలేజీల పేర్లే తెల్వకపోవు అత్తా. నువ్వు దిద్దిన వ్యాసానికే రెండు సీట్లు వచ్చినయి. నువ్వు సిగ్గుపడే కాలేజికి నేను పోను. ఇష్టంగ రాస్తేనే రాయి. నువ్వు మొత్తం రాసి దిగినంక ఫోను నొక్కుత. రాయకుంటే నొక్క."

"పిచ్చి పిల్లా, టైం ఎంతయిందో తెల్సా?"

"ఐదు నలభై ఎనిమిది," అంది కవిత.

యాభై రెండేళ్ల మనిషిని. కొంగు నడుముకు దోపి నిచ్చెన ఎక్కాను. కొండల్ రెండు చేతులా పట్టుకున్నాడు. పైకి పోయాక మనీషా ఫొటో నా ముఖానికి ఎదురుగా వచ్చింది. ఎంత తెల్లగా చేసినా ఆ కళ్లు మాత్రం కంప్యూటరు వాడు మార్చలేకపోయాడు. ఈ పిల్లకు అ ఆలు దిద్దించింది నేను. ఇప్పుడు ఇది నాతో దిద్దిస్తోంది. గర్వం పొంగింది; మార్కరు మూత పళ్లతో లాగాను.

చార్టు మీద పెద్దగా 'స' అని రాశాను.

అప్పుడే శంషాబాద్ నుంచి వచ్చే బస్సు మలుపులో ఆగింది. పొద్దుటి నుంచీ ఐలయ్య చెప్పిన మాటలు విన్నవాళ్లేమో, కిటికీల్లోంచి తలలన్నీ బయటికొచ్చాయి. కండక్టరమ్మ మెట్టు మీద నిలబడి నన్నే అడిగింది.

"ఏ కాలేజిల వచ్చిందక్కా పిల్లకు సీటు?"

ఐలయ్య చాయ్ గ్లాసు పట్టుకుని నా వైపే చూశాడు. కొండల్ నిచ్చెన పట్టుకుని తలెత్తి చూస్తున్నాడు. మనీషా బొటనవేలు ఫోను మీదే ఉంది, కళ్లు మాత్రం నా మీద ఉన్నాయి.

ఐదు యాభై మూడు. నేను నిచ్చెన మీదే బస్సు వైపు తిరిగి, చివరి సీటు దాకా వినబడేలా, "సహ్యగిరి," అన్నాను.